వైద్య విద్యార్థులు – పరిశోధన – మన పాత్ర
(నకిరేకల్‌లో మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి డాక్టరీ చదివే పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నార్కట్‌పల్లిలో కామినేని కళాశాల ఎప్పటి నుంచో ఉన్నది. 2019లో నల్లగొండ, సూర్యాపేటలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మనలో కొందరి ఇళ్లలో మనవడో మనవరాలో ఎం.బి.బి.ఎస్. చదువుతున్నారు. సంతోషం. అయితే ఆ పిల్లల్ని "పరిశోధన ఏమైనా చేస్తున్నారా?" అని అడిగి చూడండి. "మంచిదే గానీ తాతా, ముందు పీజీ సీటు రావాలి కదా" అంటారు. వారిని తప్పుపట్టలేము. ఊరూరా తిరిగి వివరాలు రాసుకున్నందుకు ప్రవేశ పరీక్షలో ఒక్క మార్కూ కలవదు. తరువాత ఎం.డి.లో థీసిస్ తప్పనిసరి కాబట్టి ఏదో ఒకటి రాసి ఇస్తారు. ఆ 'ఏదో ఒకటి' అన్న మాటే నాకు కష్టంగా ఉంటుంది.

పరిశోధన విలువ మన జిల్లాకు తెలియనిది కాదు. నడుములు వంగిపోతే, కాళ్లు వంకరపోతే కర్మ అనుకున్న రోజులుండేవి. అది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనేనని నల్లగొండ జిల్లా రోగులను చూసి సిద్దిఖీ గారు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేట్లు లోపలికి వంగిపోయిన వారిని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు పరిశీలించి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ 'నీరి' సంస్థ వారు రూపొందించారు. దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. మన పేరు రోగానికే కాదు, విరుగుడుకూ ఉన్నది!

ఇవన్నీ పెద్ద పెద్ద డాక్టర్లు చేసే పనులు, పిల్లల వల్ల ఏమవుతుంది అంటారేమో. మనలో షుగరున్న వారు వినండి. క్లోమంలో ఇన్సులిన్ పుట్టే కణాల గుంపులను 1869లో మొదట గుర్తించిన లాంగర్‌హాన్స్ అప్పటికి 21 ఏళ్ల వైద్య విద్యార్థి.

మన దేశంలోనూ దారి లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల కోసం రెండు నెలల పరిశోధన పథకం నడుపుతూ వచ్చింది. నివేదిక ఆమోదం పొందితే స్టైపెండు ఇస్తారు. 2021-22 బ్యాచి నుంచి ప్రతి విద్యార్థి గ్రామాల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యం చూస్తుండాలనే నిబంధన కూడా వచ్చింది.

ఇక మన సంగతి. ఒకసారి మా వీధికి కొందరు విద్యార్థినులు వచ్చారు. బి.పి. చూశారు, రెండు పేజీల ప్రశ్నలు అడిగి రాసుకున్నారు. ఫలితం ఏమిటో మాకెవరూ చెప్పలేదు. ఏ కాలేజీ అన్నది అనవసరం. ఆ తరువాత వచ్చిన పిల్లలకు మా వీధిలో కొందరు తలుపే తీయలేదు. నష్టం ఎవరికి?

ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీరు వస్తున్నది. ఈ నీటితో పెరిగే పిల్లల పళ్లు, ఎముకలు ఎలా ఉన్నాయి? దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన మన ఎముకల నొప్పి తగ్గిందా, లేదా? ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగామో చెప్పగలిగిన వాళ్లం మనమే. ఏటా మనలో కొందరు తగ్గిపోతున్నారు. వారితో పాటు ఆ వివరమూ పోతున్నది.

కాబట్టి నా మనవి. విద్యార్థులు వస్తే కూర్చోబెట్టి నిజం చెప్పండి. మొహమాటానికి "అంతా బాగానే ఉంది" అనకండి. సంతకం అడిగితే ఎందుకో తెలుసుకొని పెట్టండి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకున్నది. ఫలితం ఎప్పుడు చెబుతారో మాత్రం అడగండి. ఈ లోగా మన సంఘంలో ఒక నోటు పుస్తకం పెడదాం. ఎవరు ఏ ఊళ్లో, ఏ నీళ్లు, ఎన్నేళ్లు తాగారో అందులో రాయించండి. నిండిన తరువాత నల్లగొండ కళాశాలలో సామాజిక వైద్య విభాగానికి తీసుకెళ్లి ఇద్దాం. పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది. కళ్లు సరిగా కనపడని వారు మనవళ్ల చేత రాయించవచ్చు.