కనబడని ప్యాచ్ ఫైలు ఎక్కడికి పోయింది?



ఈనాటి పాఠం ఒక కంప్యూటర్ ఆట గురించి అనగానే మీలో కొందరు కుర్చీ ముందుకు జరుపుకుని ఉంటారు. పక్కనున్న పెద్దవాళ్ళు కొంచెం కంగారు పడి ఉంటారు. ఆటలు ఆడమని చెప్పడానికి నేను రాలేదు, మానమని చెప్పడానికీ రాలేదు. కంప్యూటరులో ఒక ఫైలు "పోయింది" అని మనం అనుకున్నప్పుడు దాన్ని ఎలా వెతకాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

నేను ఉండేది ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటి ఇంటి కుర్రవాడొకడు, డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు, ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, ఖాళీ పెన్‌డ్రైవ్ ఏదైనా ఉందాండీ? విండోస్ మళ్ళీ వేసుకోవాలి" అన్నాడు.

"ఎందుకురా?" అంటే, నెల రోజులుగా ఆడుతున్న ఆటలో ప్యాచ్ ఫైలు మాయమైందట. సేవ్ తెరవబోతే, ఇందులో ఉన్న కొన్ని అంశాలు ఇప్పుడు లేవని ఆట హెచ్చరిస్తోందట. ఆట ఫోల్డరంతా గాలించాడు, లేదు. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి మొదటి నుంచి వేసుకోమని స్నేహితుడెవడో సలహా ఇచ్చాడు.

ఆ కంప్యూటరు వాడొక్కడిదీ కాదు. వాళ్ళక్క ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది. ఇంకెక్కడైనా కాపీ ఉందా అని అడిగాను. వాడి ముఖం పాలిపోయింది. పెన్‌డ్రైవ్ పట్టుకుని నేను కూడా వాడితో మథురాకాటిలో వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. ముందు అక్క రిపోర్టు అందులోకి ఎక్కించాం. తరువాతే ఆట సంగతి.

ఆట పేరు స్కైరిమ్. బెథెస్డా సంస్థ 2011 నవంబరు 11న విడుదల చేసింది. ఇన్నేళ్ళయినా ఆడుతున్నారంటే ప్రధాన కారణం మోడ్లు. ఆటగాళ్ళే తయారుచేసి పంచుకునే కొత్త ఆయుధాలు, ఊళ్ళు, కథలు ఇవన్నీ మోడ్లే. మనవాడి దగ్గర నూటయాభై దాకా ఉన్నాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆటలో దొంగల దగ్గర ఏయే ఆయుధాలు దొరకాలో చెప్పే ఒక పట్టిక ఉందనుకోండి. ఒక మోడ్ అందులో కొత్త కత్తులు చేర్చింది. ఇంకొక మోడ్ అదే పట్టికలో కొత్త విల్లులు చేర్చింది. ఆట రెండింటినీ కలపదు. చివర చదివిన పట్టికనే ఉంచుకుంటుంది. కత్తులు పోతాయి, విల్లులు మిగులుతాయి.

దీనికి విరుగుడుగా రై బ్యాష్ అనే ఉపకరణం ఉంది. అది మీ మోడ్లన్నీ చదివి, ఇటువంటి పట్టికలను కలిపి, "బ్యాష్డ్ ప్యాచ్" అనే ఒక కొత్త ఫైలు కట్టి ఇస్తుంది. ప్యాచ్ అంటే అతుకు. ఇది ఎక్కడి నుంచో దిగుమతి చేసుకున్నది కాదు, మీ యంత్రం మీదే, మీ జాబితాను బట్టి తయారైనది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

ఇక మోడ్లను నడిపించే మోడ్ ఆర్గనైజర్ 2 సంగతి. ఇది ఏ మోడ్‌నూ ఆట ఫోల్డరులో పోయదు. ఒక్కో మోడ్‌కు వేరే ఫోల్డరు పెడుతుంది. దాని ద్వారా ఆటను ప్రారంభించినప్పుడు మాత్రం, అన్నీ ఆట తాలూకు "డేటా" ఫోల్డరులోనే ఉన్నట్టు ఆటకు చూపిస్తుంది. ఆట విండోస్‌ను "ఈ ఫైలు తెరువు" అని అడిగిన ప్రతిసారీ మధ్యలో ఒక పొర ఆ కోరికను అందుకుని అసలు చిరునామాకు మళ్ళిస్తుంది.

రైల్వే కాలనీలో పెరిగిన వాళ్ళకు దీన్ని చెప్పడం తేలిక. పక్క వీధికి క్వార్టరు మారిన వాళ్ళకు పాత నంబరుతో ఉత్తరం వచ్చినా, పోస్ట్‌మన్‌కు సంగతి తెలుసు కాబట్టి కొత్త ఇంటికే తెచ్చి ఇస్తాడు. ఊరి నుంచి వచ్చిన చుట్టం నేరుగా పాత నంబరుకు వెళితే తాళం కప్ప కనిపిస్తుంది. మోడ్ ఆర్గనైజర్ ద్వారా నడిచే ఆటకు పోస్ట్‌మన్ ఉన్నాడు. మామూలు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి డేటా ఫోల్డరులో వెతికిన మనవాడు ఆ చుట్టం లాంటివాడు.

రాయడంలోనూ అంతే. మోడ్ ఆర్గనైజర్ ద్వారా నడిచిన ఉపకరణం డేటా ఫోల్డరులో కొత్త ఫైలు రాశాననుకుంటుంది. ఆ ఫైలు నిజానికి "ఓవర్‌రైట్" అనే ఫోల్డరులో పడుతుంది. ఫలానా మోడ్‌లోకి పంపమని ముందే అమర్చుకుంటే అక్కడికి వెళుతుంది.

ఓవర్‌రైట్ తెరిచి చూశాం. ఖాళీ. వాడు నా వైపు చూశాడు. నేనూ ఒక్క క్షణం తడబడ్డానని ఒప్పుకోవాలి.

ఈలోగా వాడు ఓపిక పట్టలేక, డెస్క్‌టాప్ మీదున్న రై బ్యాష్ బొమ్మను నొక్కి కొత్త ప్యాచ్ కట్టేశాడు. డేటా ఫోల్డరులో ఫైలు ప్రత్యక్షమైంది. "వచ్చేసింది మాస్టారూ!" అని గంతేశాడు. ఇంతకుముందు ఎంతసేపు పట్టేదిరా అని అడిగాను. చాలా నిమిషాలట. ఇప్పుడు చిటికెలో అయిపోయింది. రై బ్యాష్ జాబితా చూడమన్నాను. అందులో ఆటతో వచ్చిన ఫైళ్ళే ఉన్నాయి, నూటయాభై మోడ్లలో ఒక్కటీ లేదు. మోడ్ ఆర్గనైజర్ ద్వారా కాకుండా విడిగా తెరిచాడు గనుక దానికి మోడ్లు కనిపించలేదు. ఆ ఫైలు ఉంది, పేరూ సరైనదే, లోపల డొల్ల. ఫైలు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. లేదని తెలిస్తే వెతుకుతాం, ఉందనుకుంటే వదిలేస్తాం. దాన్ని తీసేయించాను.

అప్పుడు వాణ్ణి అడగవలసిన ప్రశ్న అడిగాను: "చివరిసారి సరిగా ఆడిన తరువాత ఏం మార్చావు?" ఏమీ లేదన్నాడు. అందరూ అలాగే అంటారు. కాసేపటికి గుర్తొచ్చింది. ఓవర్‌రైట్‌లో ఫైళ్ళున్నాయని హెచ్చరిక కనిపిస్తే, అంతకుముందు రోజు దాని మీద కుడి మీట నొక్కి, వాటన్నిటినీ ఒక కొత్త మోడ్‌గా మార్చాడు. అది మంచి అలవాటే. కాని తెర మీద చూపిన రెండు జాబితాలను గుర్తు చేసుకోండి. ఎడమ వైపు మోడ్లు, కుడి వైపు ప్లగిన్లు. కొత్త మోడ్ ఎడమ జాబితా అడుగున చేరింది, దాని పక్కన టిక్కు లేదు. టిక్కు లేని మోడ్‌లోని ప్లగిన్ కుడి జాబితాలో అసలు కనిపించదు. మోడ్ల ఫోల్డరులో పేరుతో వెతికితే ప్యాచ్ క్షేమంగా అక్కడే ఉంది.

ఇలా వెతికేటప్పుడు కుడి వైపున్న "డేటా" ట్యాబు బాగా పనికొస్తుంది. ఆటకు కనిపించే ఫైళ్ళన్నిటినీ, ఏది ఏ మోడ్ నుంచి వస్తోందో అది చూపిస్తుంది. ప్రొఫైలు మార్చినా ఫైళ్ళు మాయమైనట్టే ఉంటాయి, ఎందుకంటే టిక్కులు ప్రొఫైలుకొక రకంగా ఉంటాయి. కొన్నిసార్లు యాంటీవైరస్ ఆ మధ్య పొరనే అడ్డుకుంటుంది, అప్పుడు లాగ్ ఫైళ్ళు చదవాలి. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో పెట్టడం కూడా మంచిది కాదు. విస్టా కాలం నుంచి విండోస్, కొన్ని పాత 32 బిట్ల ప్రోగ్రాములు అక్కడ రాయబోయే ఫైళ్ళను చెప్పాపెట్టకుండా వర్చువల్‌స్టోర్ అనే వేరే చోటికి పంపుతుంది.

సరే, టిక్కు పెట్టాం, ప్యాచ్ కనిపించింది. ఇక అయిపోయిందని వాడు లేవబోయాడు. అవలేదన్నాను. ప్యాచ్ కట్టాక ఏవైనా మోడ్లు తీశావా, వేశావా? రెండు తీశాడు, మూడు వేశాడు. అంటే ఆ ప్యాచ్ నిన్నటి జాబితాకు కట్టినది. తీసేసిన మోడ్ మీద అది ఆధారపడి ఉంటే ఆట మొదట్లోనే కూలిపోతుంది.

ఈ ఇబ్బంది ఆటలతో పుట్టింది కాదు. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ అనే శాస్త్రవేత్త తన ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఒక పూట వృథా చేసుకున్నాడు. తప్పును ఆయన అంతకుముందే దిద్దేశాడు. దిద్దిన పాఠం నుంచి ఫైలును మళ్ళీ తయారుచేయడం మరిచిపోయి, పాతదాన్నే నడుపుతున్నాడు. ఆయన విసుక్కుంటూ వచ్చి చెప్పిన ఈ గోడు విని స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ "మేక్" అనే ఉపకరణం రాశాడు. మూలం మారితే దాని నుంచి పుట్టిన ఫైలును తిరిగి కట్టడమే దాని పని. దానికి 2003లో ఫెల్డ్‌మన్‌కు ఏసీఎమ్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం ఇచ్చారు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ ఆ మేక్‌ను వాడుతూనే ఉన్నారు.

మనవాడు ఈసారి మోడ్ ఆర్గనైజర్ లోంచే రై బ్యాష్‌ను తెరిచి, ప్యాచ్ మళ్ళీ కట్టాడు. తయారైన సమయం సరిచూశాం, కుడి జాబితాలో టిక్కు పెట్టాం. తీసేసిన ఆ రెండు మోడ్లు పాత సేవ్‌కు కావాలి కనుక వాటినీ తిరిగి పెట్టించి, ఇంకొకసారి కట్టించాను. సేవ్ హెచ్చరిక లేకుండా తెరుచుకుంది. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. వాళ్ళమ్మగారు భోజనం చేసి వెళ్ళమన్నారు.

కుర్రవాడు ఆ మోడ్ పేరు "ప్యాచ్ - టిక్కు తీయొద్దు" అని మార్చుకున్నాడు. పెన్‌డ్రైవ్ వాళ్ళక్క దగ్గరే ఉండిపోయింది. రిపోర్టు సమర్పించే దాకా ఇవ్వనంది.