ఎమ్మెస్‌డబ్ల్యూ పిల్లలు ఏం చదువుతారు?
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన సమాఖ్యకు ఎమ్మెస్‌డబ్ల్యూ విద్యార్థులు వచ్చారు కదా, వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అయిదు నిమిషాలు అన్నారు గానీ కొంచెం ఎక్కువే పడుతుంది. ఏమీ అనుకోవద్దు.

వాళ్లు మొదటిరోజు మెడలో కార్డులు, భుజాన సంచులు వేసుకుని మా ఊళ్లో దిగినప్పుడు మేము ఆడిట్ వాళ్లనుకున్నాం. ఒక అక్కయితే కొత్త పథకం ఏదో వచ్చిందని ఆధార్ జిరాక్సులు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "కాదండీ, మేము చదువుకోవడానికి వచ్చాం" అన్నారు. మా దగ్గర చదువుకోవడానికి ఏముందని నవ్వుకున్నాం. నవ్వుకుని ఏం చేశామంటే, పుస్తకాలు రాయడానికి కూర్చోబెట్టాం. మినిట్స్ పుస్తకం, పొదుపు లెడ్జరు, వ్యక్తిగత పాసుపుస్తకాలు. పాపం రెండు వారాలు అదే పని చేశారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తింటూ నేనే అడిగాను, "సంఘసేవకి డిగ్రీ ఎందుకమ్మా? మేమంతా ఏ డిగ్రీ చదివి చేస్తున్నాం?" అని. ఆ అమ్మాయికి కోపం రాలేదు. "అక్కా, సేవ వేరు, సోషల్ వర్క్ వేరు. సాయంత్రం చెబుతా" అంది. ఆ సాయంత్రం నుంచి నాకు తెలిసింది చెబుతున్నాను. నాది పదో తరగతి, ఎక్కడైనా తప్పు చెబితే ఏపీఎం గారు సరిచెయ్యాలి.

ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్. బీఏ, బీకాం, బీఎస్సీ, డిగ్రీ ఏదైనా చదివినవాళ్లు చేరొచ్చు. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో టాటా వాళ్ల ట్రస్టు పెట్టిన బడిలో మొదలైంది. దాన్నే ఇప్పుడు టిస్ అంటారు, హైదరాబాదులో కూడా ఉంది. మన ఆంధ్రా యూనివర్సిటీలో, ఉస్మానియాలో, ఇంకా చాలా చోట్ల ఈ కోర్సు ఉంది. వారంలో కొన్ని రోజులు క్లాసులు, మామూలుగా రెండు రోజులు ఫీల్డు వర్కు. ఆస్పత్రికో, అనాథ పిల్లల హోముకో, ఫ్యాక్టరీకో, మనలాంటి సంఘాలకో పంపిస్తారు. పోయి చూసిరావడం కాదు, ఆ రోజు ఏం చేశారు, ఎవరితో ఏం మాట్లాడారు, వాళ్లేమన్నారు అన్నీ రాసి సారుకి చూపించాలి. దానికి మార్కులుంటాయి, చివర్లో నోటి పరీక్ష కూడా ఉంటుంది.

పుస్తకాల్లో చదివేది మూడు రకాల పని. ఒక మనిషితో చేసే పని, ఒక గుంపుతో చేసే పని, ఒక ఊరితో చేసే పని. ఇవిగాక సర్వేలు చెయ్యడం, సంస్థను నడపడం, చట్టాలు, మనిషి పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా మనసు ఎలా మారుతుంది అన్నది కూడా ఉంటుంది. సంస్థల పాఠంలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వస్తుందట. 1953లో అది పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారే.

గుంపుతో చేసే పని గురించి చెప్పినప్పుడు నాకు భలే అనిపించింది. టక్‌మన్ అనే ఆయన 1965లో రాశాడట. ఏ గుంపైనా ముందు ఏర్పడుతుంది, తరవాత కొట్లాడుకుంటుంది, ఆ తరవాత కట్టుబాట్లు పెట్టుకుంటుంది, అప్పుడు గానీ పనిచెయ్యదు. కొట్లాడుకునే దశకి ఇంగ్లీషులో తుఫాను పేరు పెట్టాడు. మా సంఘంలో ఆ తుఫాను మూడేళ్లు నడిచింది. లీడరు ఎవరు, మొదటి అప్పు ఎవరికి, పుస్తకం ఎవరింట్లో ఉండాలి, అన్నీ గొడవలే. రెండుసార్లు సంఘం తీసేద్దామనుకున్నాం. అది మా ఒక్క ఊరి జబ్బు అనుకున్నానుగానీ, పాఠంలో ఉంటుందని తెలిస్తే అప్పట్లో అంత ఏడ్చి ఉండేదాన్ని కాదు.

ఊరితో చేసే పనికి వాళ్లు మా రామాలయం ముందు ముగ్గుపిండితో ఊరి పటం వేయించారు. కలెక్టరాఫీసు పటం కాదు, మన ఆడవాళ్లు వేసిన పటం. ఎవరి ఇల్లెక్కడ, బోరు ఎక్కడ, దీపం లేని వీధి ఏది, ఒంటరి ఆడవాళ్లు ఎక్కడున్నారు. చదువు రాని ముసలమ్మలే ముందుకొచ్చి గీశారు. గీస్తుంటే చివరి వీధిలో ఆరు ఇళ్లు ఏ సంఘంలోనూ లేవని బయటపడింది. ఇన్నేళ్లుగా మనం నూరు శాతం సంఘాలు అని రిపోర్టులు రాస్తున్నాం!

సర్వే దగ్గర మాత్రం మేము వాళ్లకు పాఠం చెప్పాం. కాగితంలో మొదటి ప్రశ్న "మీ నెల ఆదాయం ఎంత" అని ఉంది. మావాళ్లంతా అబద్ధమే చెప్పారు, రేషన్ కార్డు పోతుందని భయం. నేను చెబితే నాలుక కరుచుకున్నారు. తరవాత "ఈ నెల బియ్యం కాక ఇంకా ఏమేం కొన్నారు" అని అడగడం మొదలుపెట్టారు.

సోషల్ యాక్షన్ అని ఇంకో పాఠం ఉంది. అన్యాయం మీద జనం కలిసి నిలబడటం. దానికి ఉదాహరణగా వాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంట చెప్పారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు, 1992కల్లా అది జిల్లా అంతా పాకింది, 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది. ఆ ఊపులోనే అక్కడి ఆడవాళ్లు పొదుపులు మొదలుపెట్టారు. మన డ్వాక్రా సంఘాల వెనక ఆ కథ ఉంది. యూనివర్సిటీలో పిల్లలు దాన్ని చదివి పరీక్ష రాస్తున్నారు. మన ఊళ్లలో ముప్పయ్యేళ్ల లోపు సభ్యుల్లో ఎంతమందికి తెలుసో చెయ్యెత్తమంటే ఇప్పుడు ఎన్ని చేతులు లేస్తాయి?

ఇక అసలు సంగతి. ఒక మనిషితో చేసే పని, దాన్ని కేస్‌వర్క్ అంటారు. వెనకటికి అమెరికాలో ధర్మసంస్థల తరఫున ఉన్నోళ్ల ఇళ్ల ఆడవాళ్లు బీదవాళ్ల ఇళ్లకెళ్లి చూసి, వీళ్లకు సాయం చెయ్యొచ్చా చెయ్యకూడదా తేల్చేవాళ్లట. అలాంటి సంస్థల్లో పనిచేసిన మేరీ రిచ్‌మండ్ అనే ఆవిడ 1917లో పెద్ద పుస్తకం రాసింది. మనిషి కష్టం తెలియాలంటే ఆ మనిషి ఒక్కదాన్నే చూస్తే చాలదు, ఇల్లు, చుట్టాలు, పని, ఊరు అన్నీ తెలుసుకోవాలి అని. తరవాత 1957లో బీస్టెక్ అనే ఫాదరు ఏడు సూత్రాలు రాశాడు. ఏ ఇద్దరూ ఒకటి కాదు, ఎవరి కష్టం వారిదే. మనసులో మాట చెప్పుకోనివ్వాలి. విన్నవాళ్లు తొణక్కూడదు. మనిషిని ఉన్నట్టు ఒప్పుకోవాలి. తీర్పు చెప్పకూడదు. ఏం చెయ్యాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. ఏడోది, చెప్పిన మాట బయటికి పోకూడదు.

మనకి పంచసూత్రాలు నోటికొచ్చు. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. ఆ అమ్మాయి ఏడు సూత్రాలు చెబుతుంటే నేను ఏడోదాని దగ్గర ఆగిపోయాను.

ఎందుకంటే అంతకు ముందు ఏడాది నేను ఒక తప్పు చేశాను. మా సంఘంలో ఒక అక్క బ్యాంకు లింకేజీ అప్పు మూడు కిస్తీలు కట్టలేదు. ఒక్కరు ఆగితే అందరికీ సున్నా వడ్డీ పోతుంది, మీకు తెలిసిందే. మిగతావాళ్లు నా మీద పడ్డారు. ఇంకో ఇద్దరిని తీసుకుని పొద్దున్నే పోయి ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాను. వీధిలో పోయేవాళ్లంతా చూస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి ఆమె నన్ను పెరట్లోకి పిలిచి, కట్టలేకపోవడానికి కారణం చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. తరవాతి సమావేశంలో సభ్యులు ఆమెను నానా మాటలు అంటుంటే నేను ఆగలేక, "మీకేం తెలుసు ఆమె కష్టం" అని మొత్తం చెప్పేశాను. ఆమె తరఫునే మాట్లాడుతున్నాను అనుకున్నాను. నాలుగు రోజుల్లో ఆ మాట ఎక్కడికి చేరకూడదో అక్కడికి చేరింది.

ఆ సంగతి ఏమిటో ఇక్కడ చెప్పను. ఒకసారి చెప్పింది చాలు. ఈ మాత్రం కూడా చెప్పొచ్చా అని వారం రోజులు ఆలోచించి ఆమెనే అడిగాను. "నీ తప్పు నువ్వు చెప్పుకో, నా సంగతి మాత్రం ఎత్తకు" అంది. కాబట్టి నా తప్పే చెబుతున్నాను. ఆమె ఆ రోజు నుంచి సమావేశానికి రావడం మానేసింది.

ఆ అమ్మాయికి ఇదంతా చెబితే నన్ను తిట్టలేదు, ఊరడించనూ లేదు. "నేను వాళ్లింటికి వెళ్లొచ్చా, ముందు వాళ్లని అడిగి చెప్పండి" అంది. నాలుగుసార్లు వెళ్లింది. మొదటిసారి అప్పు ఊసే ఎత్తలేదట. మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని వచ్చేసింది. నాకేమో ఆత్రం. పెద్దమనుషుల్లో పెడదామా, పోలీసు స్టేషనుకు వెళ్దామా అని నేను రోజుకో ఉపాయం చెబుతుంటే, "ఆవిడ ఏం కావాలంటున్నారు అక్కా?" అని ఒక్కటే ప్రశ్న. నిజం చెప్పాలంటే ఆ మాట మేమెవరం ఆమెను అడగలేదు. అడిగితే తేలింది ఏమిటంటే, కిస్తీ తగ్గించాలి, ఇంటి మీదికి ఎవరూ రాకూడదు. అంతే. తీర్మానం రాసి, మా అంతర్గత నిధి నుంచి బ్యాంకు బాకీ కట్టాం. ఆమె సంఘానికి చిన్న కిస్తీలు కడుతోంది. ఒక్క నెల కూడా తప్పలేదు.

ఆ పిల్ల తన రికార్డులో ఇదంతా రాసుకుంది. చూపించమంటే నా ముందు ఒక్క పేజీ తెరిచింది. ఎక్కడా పేరు లేదు, ఊరు లేదు, 'క' అని రాసింది. మిగతా పేజీలు నాక్కూడా చూపించలేదు. అప్పట్లో కొంచెం మనసు చివుక్కుమంది. ఇప్పుడు అదే సరైందనిపిస్తోంది.

వాళ్ల చదువులో నాకు నచ్చనిదీ ఒకటుంది. కేసు ఎలా ముగించాలి అని కూడా ఒక పాఠం ఉంటుంది, దాని ప్రకారం ముందుగానే చెప్పి, నెల కాగానే చక్కగా సెలవు తీసుకుని వెళ్లిపోయారు. మనకు అలా కుదరదు. నేను రోజూ బోరింగు దగ్గర ఆమెకు ఎదురుపడతాను. ఆమె బిందె నింపుకుని తల దించుకుని పోతుంది. పొదుపు డబ్బు పక్కింటి పిల్లాడితో పంపిస్తుంది. చుట్టరికం, అప్పు, వీధి అన్నీ కలిసిపోయినచోట ఆ ఏడు సూత్రాలు ఎలా నడపాలో వాళ్ల సారు కూడా ఒకసారి మన దగ్గర కూర్చుని చెబితే బాగుంటుంది. ఇంకో మాట, నెలాఖరు లెక్క సరిచూడమంటే వాళ్లకు చెమటలు పట్టాయి. అది మన వీఓఏలు నేర్పాలి.

మన ఆడపిల్లలను డిగ్రీ అయ్యాక ఏం చదివించాలని అడుగుతున్న తల్లులున్నారు. దీన్ని కూడా గుర్తుపెట్టుకోండి. ఆస్పత్రుల్లో, ఐసీటీసీ కేంద్రాల్లో కౌన్సిలర్లుగా, పిల్లల సంరక్షణ విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, కంపెనీల్లో ఉద్యోగాలుంటాయి. గొప్ప జీతాలని చెప్పను, చాలావరకు కాంట్రాక్టువే.

సమాఖ్య ముందు నేను రెండు సంగతులు పెడుతున్నాను, తీర్మానానికి రాసుకోమని మనవి. కిస్తీ కట్టని సభ్యురాలి కారణం నిండు సమావేశంలో అడగడం మానేద్దాం. సంఘానికి ఇద్దరిని ఆమెకు ఇష్టమైనవాళ్లను పెట్టి, వాళ్లు విడిగా విని, ఎంత కట్టగలదో అంకె ఒక్కటే సమావేశంలో చెప్పాలి. అరుగుల మీద కూర్చోవడం ఏ సంఘమూ చెయ్యకూడదు. రికవరీ తగ్గుతుందని కొందరు అంటారు, నేనూ అన్నదాన్నే.

రెండోది, మళ్లీ వచ్చే పిల్లలను పుస్తకాలు రాయడానికి, ఫొటోలు తియ్యడానికి వాడుకోవద్దు. మా చివరి వీధిలో ఆ ఆరు ఇళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, ముందు అక్కడికి పంపుదాం. వచ్చేవాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు ఊళ్లోనే ఉంటామంటున్నారు. మరుగుదొడ్డి, తలుపుకి లోపల గడియ ఉన్న గది కావాలి. ఇవ్వగలిగినవాళ్లు భోజనాలయ్యాక సీసీ మేడం దగ్గర పేర్లు రాయించండి. సెలవు.