ఎత్తు బండి, ఇఱుకు మలుపు
(గత ఆదివారము మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కిరాణా వర్తకుడు మోటారు సైకిళ్ళను గూర్చి ప్రసంగించుట యేమని కొందఱకు నవ్వు వచ్చుచుండవచ్చును. ఆ నవ్వునకు కారణము నేనే. మొన్న కార్తిక మాసమున చౌబారా దగ్గఱి సందులో, మనవారు పదిమంది చూచుచుండగా, నేను నా బండితో సహా నేలగూలితిని. అప్పటి వేగ మెంత? నడచు మనిషి వేగముకంటె తక్కువ. చీలమండ వాచి మూడు వారములు కుర్చీ దిగలేదు. అంతట మన పెద్దలు కొందఱు, ఇట్టి బండ్లను మన పిల్లలు కొనకుండ కట్టడి చేయవలెననిరి. నేను వారిని కొంత గడువు వేడితిని. ఆ గడువులో నేర్చినది నేడు మనవి చేయుచున్నాను. కట్టడి వలెనో వలదో విన్న పిదప మీరే నిర్ణయింపవలెను.

వీనిని అడ్వెంచర్ మోటారు సైకిళ్ళందురు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డు వారు హిమాలయన్ అను 411 సి.సి. బండిని విడుదల చేసిరి. 2019లో హీరో వారి ఎక్స్‌పల్స్ 200 వచ్చెను. 2023లో హిమాలయన్ 452 సి.సి. యంత్రముతో క్రొత్తరూపున వచ్చెను. మూడింటికిని ముందు చక్రము 21 అంగుళములు. గుంతలమీద నది హాయిగా దొర్లిపోవును. జహీరాబాదు దారిన పోవునప్పుడు నా నడుము ఈ బండికి ఎన్ని దండములు పెట్టినదో చెప్పలేను. కాని ఆసనము ఎత్తు మొదటి హిమాలయన్‌కు 800 మిల్లీమీటరులు, క్రొత్తదానికి 825. బరువు రెండువందల కిలోలకు దాపు. మన దుకాణపు లెక్కలో నాలుగు బియ్యపు బస్తాలు.

ఎత్తు బండి త్వరగా పడునని లోకము తలచును. ఇది సగము మాత్రమే నిజము. అరచేతిలో పొడవు గడను నిలుపుట తేలిక, పెన్సిలును నిలుపుట కష్టము. పొడవైనది మెల్లగా వాలును, సర్దుకొనుటకు వ్యవధి యిచ్చును. బండి కదలుచున్నంతవఱకు ఎత్తు మనకు శత్రువు కాదు. కదలిక ఆగిన క్షణమున చిక్కు వచ్చును. మన పాతనగరపు సందులలో నేల ఒక ప్రక్కకు వాలియుండును. ఆ పల్లపు ప్రక్కకు కాలు చాపితిమా, నేల యుండవలసినచోట గాలి దొరకును. అప్పటికి బస్తాలు నాలుగును మనమీద నున్నవి.

నేను చేసిన తప్పులు మూడు. హ్యాండిలు పూర్తిగా త్రిప్పియుండగా ముందు బ్రేకు పట్టితిని. ఈ బండ్ల ముందు స్ప్రింగులు మిక్కిలి పొడవైనవి గనుక ముందుభాగము ఒక్కసారిగా క్రుంగెను, బండి లోపలి ప్రక్కకు ఒరిగెను. అదే క్షణమున బెదరి క్లచ్చు పూర్తిగా నొక్కితిని. చక్రమునకు యంత్రపు బలము అందకపోయెను. మూడవది, నా చూపు మురుగుకాలువపై నుండెను. ఎటు చూతుమో బండి అటే పోవును.

మందు కూడ ఈ తప్పులలోనే యున్నది. క్లచ్చును సగము వదలి పట్టవలెను. మన ఊరి మెకానిక్కులు దీనిని హాఫ్ క్లచ్ అందురు. మంచి తెలుగు మాటకై వెదకితిని గాని దొరకలేదు. ఇంధనము కొద్దిగా, మార్పులేక ఇచ్చుచు, కుడికాలితో వెనుక బ్రేకును మృదువుగా ఆనించి యుంచవలెను. యంత్రము లాగుచుండును, బ్రేకు పట్టుచుండును. ఆ రెంటి నడుమ గొలుసు బిగిసి, బండి కుదుపులేక పోవును. వేగము తగ్గింపవలెనన్న వెనుక బ్రేకే, ముందుది కాదు.

శరీరము సంగతి మఱింత విచిత్రము. రహదారిలో వేగముగా పోవునప్పుడు బండితోపాటు మనమును లోపలికి వాలుదుము. ఇఱుకు మలుపులో బండిని లోపలికి వాల్చి మనము వెలుపలికి ఒరగవలెను. బరువు వెలుపలి పాదముపై నిలుపవలెను. అప్పుడు బండి ఎక్కువ వాలియు పడదు, చిన్న వలయములో తిరుగును. హ్యాండిలు వెడల్పు గనుక వెలుపలి చేయి దూరము పోవును. మోచేయి బిగబట్టక కొంచెము ముందునకు వంగవలెను. తల మాత్రము మలుపు ముగియుచోటికి, భుజముమీదుగా త్రిప్పవలెను. ఇది నా మెడకు అన్నిటికంటె కష్టముగా నుండెను.

మన కోట ద్వారమార్గమును వంకరగా కట్టిరి గదా. ఎదిరి దండు దౌడుతీసి లోపలికి దూకరాదని అట్లు కట్టుట ఆనాటి యెత్తుగడ. ఆ యెత్తుగడ ఇంకను పనిచేయుచున్నదని అచట తడబడు మన కుఱ్ఱవాండ్రను చూచినప్పుడు తోచును.

ఘాటు దారికి మఱియొక జాగ్రత్త. మన యువకులు తిరుమలకు బండ్లపై పోవుటకు తల్లిదండ్రుల ననుమతి వేడుచున్నారు. దిగునప్పుడు 1944లో తెఱచిన పాత దారి. మలుపులు ఒకదాని వెంట నొకటి. వంపునకు ముందే, బండి నిటారుగా నున్నప్పుడే, రెండు బ్రేకులతో వేగము తగ్గించి చిన్న గేరులోనికి దిగవలెను. వంపులో ప్రవేశించిన పిదప ముందు బ్రేకు జోలికి పోరాదు. ఆగవలసి వచ్చినచో హ్యాండిలు తిన్నగా చేసి ఆగి, ఎత్తు ప్రక్కకే కాలు దింపవలెను.

కట్టడి చేసినచో పిల్లలు మనకు తెలియకుండ కొందురు, మనకు తెలియకుండ పడుదురు. అందుచేత నా మనవి యిది. మన సంఘపు ఆవరణలో ఎఱ్ఱ మొరము పఱచిన స్థలము ఖాళీగా నున్నది. అచట రాళ్ళు పేర్చి ఎనిమిది అంకె ఆకారమున దారి గీయుదము. మొదట వెడల్పుగా, వారము వారము ఇఱుకుగా. శిరస్త్రాణము, చీలమండ దాటిన బూట్లు లేనివానికి ప్రవేశము లేదు. రెండు దిక్కులకును పాదము దింపక పదిమార్లు తిరుగలేనివాడు తల్లినిగాని చెల్లెలినిగాని వెనుక నెక్కించుకొనరాదు.

సభ అంగీకరించినచో వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు తాళము నేను తెచ్చెదను. మొదట పడువాడను నేనే కావచ్చును. ఫోటోలు తీయువారు కొంచెము దయ యుంచవలెను.