సులభ గ్రంథమాల – మన్యమునకు మన ఋణము
(అరకులోయలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభను మైదానమున గాక యీ యరకులోయయందు సమావేశపఱచిన కార్యవర్గమువారికి మా కృతజ్ఞతాభివందనములు. విద్యాభివృద్ధినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని వారు మమ్ము నాదేశించిరి. ముప్పది యేండ్లకు పైబడి మన్యపు పాఠశాలలలో నుపాధ్యాయవృత్తి నెఱపిన మేము ఒక్క విషయమునే యెన్నుకొంటిమి. మంచి పుస్తకము చౌకగా దొరకనిదే విద్య యింటింటికి జేరదు.

మొదట మా దోషమును మేమే చెప్పుకొందుము. మేము పనిచేసిన యొక కొండబడిలో కొయ్యబీరువా యొకటి యుండెడిది. అందు భారత భాగవతములు, వీరేశలింగముపంతులుగారి గ్రంథములు గట్టి యట్టలతో విలసిల్లుచుండెడివి. ఒక్క ప్రతి పోయినను దాని వెలను ఉపాధ్యాయుడే చెల్లింపవలెనను భయముచే తాళపుచెవిని మొలకు గట్టుకొని తిరిగితిమి. ఒకనాడు వాల్మీకితెగకు జెందిన బాలుడొకడు వచ్చి, సెలవులలో తండ్రికి చదివి వినిపించెదనని రామాయణమడిగెను. తడియును, చినుగునని మేమీయమైతిమి. ఆ బాలుడు మఱల నడుగలేదు. రెండు వానకాలములు గడచిన పిమ్మట బీరువా తెఱచిచూడగా అట్టలు మాత్రమే మిగిలినవి. పుస్తకములను పిల్లవానినుండి కాపాడితిమి గాని చెదలనుండి కాపాడలేకపోతిమి.

నాటినుండి మాకు దోచినది యిది: అధికమైన వెల కొనువానినే గాదు, ఇచ్చువానిని గూడ పిఱికివానిని జేయును. అదే చౌకప్రతి యైనచో, పోయిన పోనిమ్మని ఆ బాలుని చేత బెట్టియుందుము.

ఈ సత్యమును మన పూర్వులెఱుగనివారు కారు. 1854లో చెన్నపురియందు స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయము తాటాకులలో నణగియున్న ప్రబంధములను, సంస్కృతగ్రంథములను లోకమునకందించెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుపంతులుగారు మిత్రులతో గూడి హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. బానిసత్వమును రూపుమాపిన అబ్రహాము లింకను చరిత్రమును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిచే వ్రాయించి, తొలికుసుమముగా ప్రకటించిరి. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1926లో ఆంధ్ర గ్రంథమాల నారంభించిరి. తరువాతి కాలమున ఎమెస్కోవారు ఇంటింట సొంత గ్రంథాలయమను పథకముచే చిన్నపుస్తకములను సామాన్యుల యిండ్లకు జేర్చిరి. ప్రాచీనకావ్యమును, సంఘసంస్కరణమును ఒకదానికొకటి శత్రువులని వీరు తలపలేదు. వీరేశలింగముపంతులుగారు వ్యాకరణము వ్రాసిన చేతితోనే 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిరి.

చౌకకు గల మర్మము స్వల్పమే. అక్షరముల కూర్పునకగు వ్యయము నూఱు ప్రతులకైనను వేయి ప్రతులకైనను నొక్కటియే. ముందుగనే చందాదారులను జేర్చుకొన్నచో ప్రతియొక్కింటికి బడు భారము తగ్గును. మఱియొక సౌకర్యము గలదు. గ్రంథకర్త మరణించిన సంవత్సరము ముగిసిన పిదప అఱువది యేండ్లు గడచినచో, నాతని జీవితకాలమున వెలువడిన రచనలను ముద్రించుకొను స్వేచ్ఛ మన శాసనమునుబట్టి యెల్లరకును గలదు. 1915లో గతించిన గురజాడవారి గ్రంథములును, 1919లో గతించిన వీరేశలింగముగారి గ్రంథములును నేడు ప్రజల సొత్తులు. ఇటీవలి పండితులు చేర్చిన పీఠికలకు, వ్యాఖ్యలకు మాత్రము వారి యనుమతి వలయును.

అయినను మహాశయులారా! ఈ గ్రంథమాలలలో నెన్ని శృంగవరపుకోట దాటి ఘట్టమెక్కినవి? కొండయెక్కిన మహనీయుడొకడు గలడు. ఆయన గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు. పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, సవరలభాషను వారినోటనే నేర్చుకొని, వారికై వాచకములు వ్రాసి, సొంతధనముతో బడులు పెట్టించిరి. ఆయన సవరభాషావ్యాకరణము 1931లో మద్రాసున ముద్రితమయ్యెను. గ్రాంథికాభిమానులమగు మేము భాషావాదమున పంతులుగారితో నేకీభవింపము. కాని యీ విషయమున వారికి సాష్టాంగపడుచున్నాము. చదువరి భాషను ముందు తాను చదివినవాడే నిజమైన గురువు.

ఇక నప్రియమైన మాట యొకటి పలుకవలసియున్నది, క్షమింపుడు. మనవారిలో పలువురు మన్యపు సంతలలో వర్తకముచేసి వృద్ధిపొందినవారే. పసుపు, చింతపండు, అడ్డాకులు కొండవారు తెచ్చిరి. లెక్క మనము వ్రాసితిమి, మనమే చదివితిమి, వారు వ్రేలిముద్ర వేసిరి. దళారుల తూనికలనుండి వారిని గాపాడుటకై 1956లో ప్రభుత్వము గిరిజన సహకార సంస్థను నెలకొల్పవలసివచ్చెనన్న, అది మనకు గర్వకారణము కాదు. ఆ ఋణమును ధనముతో దీర్చుట దుర్లభము. మన లెక్కను తాను చదువగల మనుష్యుని కొండపై జూచుటయే యా ఋణవిమోచనము. అందువలన మన లాభము తగ్గునేని, తగ్గుగాక!

కావున నీ మహాసభ యంగీకారమునకై మూడు విన్నపములు. మొదటిది: ఈ సంచికయందు పోషకుల చిత్రపటములు నునుపుకాగితముపై ముద్రితములగుచున్నవి. వచ్చు సంవత్సరము సాదాకాగితమే చాలునని పోషకులు సెలవిచ్చినచో, మిగిలిన ధనముతో నేటేట నాలుగు చిన్నపుస్తకములు, అనగా కావ్యకథలు రెండు, సంస్కరణగ్రంథములు రెండు వెలయింపవచ్చును. అచ్చుతప్పులున్న చౌక చౌక కాదు గనుక, చిత్తుప్రతులను మావంటి విశ్రాంతోపాధ్యాయులము ఉచితముగ దిద్దెదము.

రెండవది: ఆ నాలుగింటిలో నొకటి యెడమపుటయందు తెలుగును, కుడిపుటయందు కువి గాని, ఆదివాసీ ఒరియా గాని, మఱియొక కొండభాష గాని గలదిగా నుండవలెను. దానిని కొండయువకులే వ్రాయవలెను. తగిన పారితోషిక మీయవలెను.

మూడవది: పుస్తకము చదువరిని వెదకుకొని పోవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరుమండలమున పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. మనకిచట కాలువలు లేవు, సంతలున్నవి. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు సంతలకు మనవారి బండ్లు పోవుచునే యున్నవి. ఉప్పుమూటల ప్రక్క నొక పుస్తకముల పెట్టెకు చోటీయరా? ఆ పెట్టెకు తాళముండరాదని మా ప్రార్థన.

నాటి బాలుడిప్పుడు నడివయస్కుడై యుండును. ఆతని సంతానములో నెవరైన సంతలో నా పెట్టెయొద్దకు వచ్చి రామాయణమడిగినచో, ఈయగలిగిన భాగ్యము మీవలన మాకు గలుగవలెనని వేడుకొనుచు విరమించుచున్నాము.