పికప్ బండి: సొగసును సత్తువయు



కావ్యములును వ్యాకరణమును చదివి, బడిపంతులుగా ఆయువు గడపిన నాకు మోటారు బండ్లతో పనియేమని మీలో కొందరు నవ్వవచ్చును. పనియున్నది. నాయొద్ద శబ్దమంజరి వల్లించినవారిలో అయిదారుగురు నేడు పికప్ బండ్లు నడుపుకొని బ్రతుకుచున్నారు. బండి కొన్న కొలది నెలలకే వారికి దానిని మార్పింపవలెనను కోరిక పుట్టును. అందులకు సొమ్ము కావలసినపుడు వారు వచ్చునది మనవంటి పెద్దలయొద్దకే. కావున ఏ మార్పునకు సొమ్మీయదగునో, దేనికి ఈయదగదో మనకు తెలిసియుండవలెను.

2005వ సంవత్సరమున టాటా ఏస్ వచ్చినది మొదలు, ఎడ్లబండి చేయు పనిలో పెద్దభాగము ఈ చిన్న సరకుబండ్లకు పోయినది. బొలేరో పికప్ వంటివి టన్నున్నర వరకును, కొన్ని రకములు అంతకు మించియు మోయుచున్నవి. పాలు, టొమాటోలు, ఎరువు బస్తాలు, పెండ్లి సామగ్రి, అన్నియు వానిమీదనే. ఇది దినదినము కూలి తెచ్చిపెట్టు బండి. వాయిదా తీరకమునుపే అది మూలబడినచో ఇంట పొయ్యి రాజదు.

సింగారము తప్పని నేననను. ఏరువాక పున్నమినాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, ఇత్తడి కుప్పెలు తొడిగి, మెడలో మువ్వలు కట్టిన వారము మనము. పిల్లవాడు తన బండి తలుపుపై ఇలవేల్పు పేరును, వెనుక చెక్కపై తామరపువ్వును వ్రాయించుకొన్నచో ఎవరికి నష్టము? మంచి రంగు తుప్పును కూడ ఆపును. బండి రంగు మొత్తముగా మార్చినచో మాత్రము రిజిస్ట్రేషను పత్రములో ఆ మార్పు చేర్పించుకొనవలెను. అయితే ఆనాటి రైతు కొమ్ములకు రంగు పూయుటకు మునుపే ఇరుసునకు కందెన వేసెడివాడు, చీల ఊడునేమో చూచుకొనెడివాడు. నేటి కుర్రవాండ్రు కొందరు కొమ్ములతోనే మొదలుపెట్టుచున్నారు.

మిక్కిలి వ్యాపించిన మార్పు కమానుకట్టలో ఒకటి రెండు పట్టీలు అదనముగా వేయించుట. దీనివలన బరువెత్తినపుడు వెనుకభాగము క్రుంగదు. క్రుంగలేదు గనుక బండి ఇంకను మోయగలదని యజమాని తలచును. మోసమంతయు అక్కడనే యున్నది. బలపడినది కమాను మాత్రమే. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు మునుపటివే గదా! నడుమునకు దట్టీ బిగించినంత మాత్రమున మోకాళ్లకు బలము వచ్చునా? మరియు వట్టిబండి తిరిగి వచ్చునపుడు ఆ బిరుసు కమానులు ప్రతి గుంతకును ఎగిరిపడును. చక్రము నేలను గట్టిగా పట్టదు. తడి రోడ్డుపై వెనుకభాగము జారును. ఇక అధికభారమునకు 2019లో సవరించిన చట్టమునందు 20,000 రూపాయలును, అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పునను జుల్మానా విధింపబడినది. నాలుగు బస్తాల కిరాయికి ఎంత మూల్యము!

బండిని ఎత్తుచేసి పెద్ద టైర్లు తొడుగుట ఇంకొక వేడుక. చూపునకు ఏనుగువలె నుండును, కాదనను. కాని గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి కాలువగట్టున ఎట్లు ఒరుగునో మీరెరుగుదురు. బరువు పైకి పోయినకొలది మలుపున పడిపోవుట సులభము. టైరు వ్యాసము నూటికి పది పాళ్లు పెరిగినచో మీటరు 50 చూపునపుడు బండి 55 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. చక్రము పెద్దదగుటచే లాగుడు సత్తువయు తగ్గును. సత్తువకొరకని చేసిన పని సత్తువనే హరించినదన్నమాట.

ఇంజను సంగతి చెప్పెదను. పట్టణములలో కొందరు ఇంజనును నడుపు కంప్యూటరులోని లెక్కలు మార్చి, ఎక్కువ డీజిలు పోవునట్లు చేయుదురు. అప్పుడు బండి మిట్టను చులకనగా ఎక్కును. కాని నల్లపొగ హెచ్చును, టర్బో వేడెక్కును, క్లచ్చి పలక త్వరగా అరుగును, కంపెనీ ఇచ్చిన హామీ పోవును. ఎక్కిన మిట్టను దిగవలెను గదా. దిగునపుడు పనికివచ్చునది బ్రేకే. వేగము 40 నుండి 60కి పెరిగినచో, బ్రేకు పట్టినపిమ్మట బండి ఆగుటకు కావలసిన దూరము రెండుంబావు రెట్లగును. 60 వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు, అనగా ముప్పదియేడు మూరలు, ముందుకు పోవును. అడ్డము వచ్చిన దూడను చూచి కాలు బ్రేకుపై పెట్టులోపలనే ఆ దూరము గడచిపోవును.

మా ప్రక్క పల్లెలో నొక చిన్నవాడు మదనపల్లె మార్కెట్టునకు టొమాటోలు వేయుచుండును. మొన్న వేసవిలో అతడు లక్ష రూపాయల జాబితాతో నాయొద్దకు వచ్చెను. అందు వెడల్పు చక్రములు, ముందర ఇనుప కమ్ముల కావలి, కప్పుపై దీపముల వరుస, పలుస్వరముల హారను ఉన్నవి. "టైర్లు ఎట్లున్నవిరా?" అంటిని. "ఇంకొక ఆరునెలలు లాగునండి, పంతులుగారూ" అనెను. పోయి చూడగా టైరు గాళ్లలోని హద్దు గుర్తు వరకు అరిగియున్నది. భార్యయు చంటిబిడ్డయు ఆ బండిలోనే పుట్టింటికి పోవుదురు.

నేను సొమ్మిచ్చితిని, కాని వేరు జాబితాకు. నాలుగు టైర్లు, నాలుగు చక్రములకును బ్రేకు సామాను, క్రొత్త బ్రేకు నూనె, చక్రముల వరుస సరిచేయుట, ఉన్న ముందు దీపములనే సరిగా అమర్చుట. వెనుక బరువెక్కినపుడు బండి ముందుభాగము పైకి లేచి, ఆ వెలుగు ఎదుటివాని కన్నులలో పడును; ఈ సంగతి డ్రైవర్లలోనే చాలమంది తలపరు. మిగిలిన దానితో నడుమునకు ఊతమిచ్చు మంచి ఆసనమును, రంగును వేయించుకొమ్మంటిని. రాత్రి రెండు గంటలకు లేచి నడుపువానికి ఆసనము విలాసము కాదు.

"చట్టము ఇంతగా చూచునా?" అని అతడడిగెను. చూచును. మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన మూలలక్షణములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఈ మాటయే స్థిరపరచినది. ఆ యేటి సవరణచే అక్రమమైన ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరునెలల వరకు ఖైదు గాని, రెండును గాని కలుగవచ్చును. ముందర కట్టు ఇనుప కావలిని కేంద్రప్రభుత్వము 2017లోనే నిషేధించినది. ప్రమాదమైనపుడు ఇన్సూరెన్సువారు మొదట వెదకునదియు ఇట్టి మార్పులనే.

చిన్నవాడు అంతయు ఒప్పుకొనెను గాని హారను మాత్రము వదలలేకపోయెను. పలుస్వరముల హారను నియమావళిలో నిషిద్ధమని చెప్పితిని. ముఖము చిన్నబుచ్చుకొని పోయెను. వారమునకు వచ్చి చూపగా, వెనుక చెక్కకు రెండు ఇత్తడి మువ్వలు వ్రేలాడుచున్నవి. అవి వాని తాతగారి ఎద్దులవట.

సెలవు.