విద్యార్థులు – మరమనిషి నిర్మాణము

ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002లో టోక్యో నగరమున విద్యార్థులకై మరమనుషుల పోటీని ప్రారంభించినది. దానికి రోబోకాన్ అని పేరు. 2008లోను, 2014లోను ఈ పోటీ మన దేశమున, పుణె నగరములో జరిగినది. 2014లో ప్రతి జట్టు రెండు యంత్రములను నిర్మించినది. పెద్దది తల్లి లేక తండ్రి, చిన్నది బిడ్డ. పెద్ద యంత్రము బిడ్డను ఎత్తుకొనిపోయి తూగుడుబల్లపై కూర్చుండబెట్టవలెను. ఊయలలో ఉంచి ఊపవలెను. వినుటకు ముచ్చటైన ఆటయే. కాని బిడ్డ బరువు పెరిగినకొలది ఎత్తెడు చేయి బలిష్ఠము కావలెను. దానిని త్రిప్పు మోటారు పెద్దది కావలెను. మోటారుతోపాటు బ్యాటరీయు పెరుగును. ఆటకు గడువు మూడు నిమిషములు. అందులో యంత్రము ఆగిపోయినచో నెలల శ్రమ వృథా.

కనుక లోహమును కోయుటకు ముందే ఆలోచన పూర్తి కావలెను. జట్టువారందరు నియమములను చదివి, కొలతలు, బరువు, విద్యుత్తు పరిమితులను గోడమీద వ్రాసి పెట్టుకొనవలెను. పిదప అట్టతోను, వెదురు బద్దలతోను అసలు పరిమాణమున నమూనా కట్టి చూడవలెను. అట్టలో తప్పును కత్తెర దిద్దును. అల్యూమినియములో అదే తప్పునకు రోజులు పట్టును.

బలమునకు బరువే మార్గమని తలచరాదు. వెదురును చూడుడు. లోపల బోలుగా ఉన్నను అంత సులభముగా వంగదు. అదే బరువుగల సన్నని చువ్వకంటె బోలు గొట్టము వంపును బాగుగా నిరోధించును. రేకు మందము రెట్టింపైనచో బరువు రెట్టింపగును గాని, వంగకుండు గుణము ఎనిమిది రెట్లగును. కిలో బరువును అరమీటరు చేయి చివర ఎత్తుటకు వలయు త్రిప్పుడు బలములో సగమే పావుమీటరు చేయికి చాలును. కాబట్టి చేతిని అవసరమునకు మించి పొడిగింపరాదు. బ్యాటరీ, మోటారులవంటి బరువులు నేలకు దగ్గరగా ఉన్నచో యంత్రము మలుపులో బోల్తాపడదు.

ఇక పనితనము. బెజ్జములకు గుర్తులు పెట్టునపుడు అన్నింటిని ఒకే అంచునుండి కొలువవలెను. ఒకదానినుండి మరియొకటి కొలుచుచు పోయినచో, అర మిల్లీమీటరు పొరపాటు పదవ బెజ్జమునకు అయిదు మిల్లీమీటర్లు కావచ్చును. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేయవలెను. అదురునకు వదులుకాని నట్లను వాడవలెను. బోల్టులు వీలైనంతవరకు ఒకే కొలతవి అయినచో ఒకే పానాతో పని జరుగును. కీళ్ళ వద్ద తీగెలను కొంత వదులుగా విడిచి, రెండు కొసలకు గుర్తుచీటీలు కట్టవలెను. ఫ్యూజు, ఆపివేయు ఎఱ్ఱమీట వెంటనే చేతికందవలెను.

కంటి అద్దములు లేనిదే డ్రిల్లు ముట్టరాదు. వ్రేలాడు జుట్టు, చున్నీ, చేతి తొడుగు తిరుగు యంత్రమునకు చిక్కుకొనును. ఉబ్బిన లిథియము బ్యాటరీకి విద్యుత్తు ఎక్కింపరాదు. మంచి బ్యాటరీనైనను ఎక్కునపుడు కాపలా లేక విడువరాదు.

ఉన్న కాలములో మూడవవంతును పరీక్షకు, నడుపువారి అభ్యాసమునకు మిగుల్చుకొనవలెను. ఆ దినములలో ఒక భాగమును చేసినవాడు ప్రక్కన కూర్చుండగా వేరొకరు దానిని విప్పి, మరల బిగింపవలెను. వారికి చేతకానిచో ఆ భాగమును మార్చి చేయుటయే మేలు. పోటీనాడు నిర్మించినవాడు జ్వరముతో పడియుండవచ్చును. మరుసటి ఏట పట్టము పుచ్చుకొని వెళ్ళిపోవచ్చును. అతనితోపాటు విద్యయు వెళ్ళిపోకుండ పటములను, కొలతలను, విరిగినవాని కారణములను పుస్తకములో వ్రాసి ఉంచవలెను.

మీ ఇంటి కుమారుడో, కుమార్తెయో ఇట్టి జట్టులో ఉన్నచో, బహుమతి వచ్చునా అని అడుగుటకు ముందు మరియొక ప్రశ్న అడుగుడు: "నీవు లేనినాడు నీ యంత్రమును నీ తరువాతివారు బాగుచేయగలరా?" అవునని ధైర్యముగా చెప్పగలిగినచో, ఆ బిడ్డకు యంత్రనిర్మాణము పట్టుబడుచున్నదని సంతోషింపవచ్చును.