అమ్మ మిషను అమ్మేయకండి



పోయిన వేసవిలో చిలకలూరిపేటలో మా పుట్టింటికి వెళ్ళాను. వసారాలో అమ్మ తొక్కుడు మిషను కనబడలేదు. ఏదమ్మా అంటే, "మీ తమ్ముడు కొత్తది కొంటాడటే. దీన్ని పాత ఇనుము కింద బేరం పెట్టాడు. దొడ్లో ఉంది" అంది, నా మొహం చూడకుండా.

నాన్నగారు పోయాక మా ముగ్గుర్నీ పెంచింది ఆ మిషనే. మిరపకాయ కోతల కూలి చేతికి రాగానే ఆడవాళ్ళు రవికల గుడ్డలు పట్టుకొచ్చేవారు. ఆ టకటక వింటూనే మేము నిద్రపోయేవాళ్ళం.

తమ్ముణ్ణి అడిగితే, "అది అసలు సింగరు కూడా కాదక్కయ్యా, దానికి నకలు" అన్నాడు. ఈ మాట మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. నకలైతే మాత్రం లోకువా?

అమెరికాలో ఐజాక్ సింగరు తన కుట్టుమిషనుకు పేటెంటు పొందింది 1851లో. యంత్రాల మోజును విమర్శించిన గాంధీగారు కూడా 1924లో ఈ ఒక్క మిషనును మినహాయించారు. తర్వాత ఆ కంపెనీవారి '15 తరగతి' నమూనా ఎందరికో ఒరవడి అయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపానులో ఎన్నో కర్మాగారాలు దాన్నే రకరకాల పేర్లతో తయారుచేశాయి. మన దేశంలో 1930లలో బిషన్ దాస్ బాసిల్ కలకత్తాలో కుట్టుమిషను తయారుచేసి, తన కూతురి పేరే పెట్టారు. అదే ఉషా. 1938లో లాలా శ్రీరాం ఆ పరిశ్రమను చేపట్టారు. మన నల్లటి తొక్కుడు మిషన్లు చాలావరకు ఆ ఒరవడివే.

అందరూ ఒకే అచ్చు దిద్దడం మన మంచికే వచ్చింది. పేరు ఏదైనా ఆ కోవ మిషన్లకు ఒకే రకం సూది, ఒకే రకం బాబిను సరిపోతాయి. అయితే అన్ని భాగాలూ అలా కుదరవు. కొట్టుకి వెళ్ళేటప్పుడు పాత బాబిను కేసు చేత్తో పట్టుకెళ్ళండి. సూది తీసేముందు దాని చదును వైపు ఎటుందో చూసుకోండి. కొబ్బరినూనె మాత్రం పోయకండి, జిడ్డుకట్టి బిగుసుకుపోతుంది. మిషను నూనే వేయాలి. ఇంటి మిషను మీద గోనెసంచులు కుట్టబోతే సూది విరుగుతుంది.

మిషనును మళ్ళీ వసారాలోకి తెప్పించాను. సూది కింది పలక విప్పితే, గుడ్డను నెట్టే పళ్ళ సందుల్లో దూది అట్టకట్టి ఉంది. పుల్లతో తీశాను. నూనె చుక్కలు వేసి, కొత్త బెల్టు తగిలించాను. అమ్మ వచ్చి కూర్చుని కాలు ఆనించింది. మొదట మూలిగింది, తర్వాత పరుగెత్తింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. మర్నాడు పాత ఇనుమతను వస్తే తనే పంపించేశాడు.

మీ ఇంటి మూల అలాంటిది ఉంటే, బేరం పెట్టేముందు ఒక్కసారి ఆ పలక విప్పి చూడండి. ఉంటాను, సెలవు.